మొదటి డబుల్ బేస్ ఎంచుకోవడం: లోపం చేతిదా, చెక్కదా?



మన గ్రూపులో ఎప్పుడూ నోటిఫికేషన్లు, ఫెలోషిప్ చివరి తేదీలు, హాస్టల్ సీట్ల గురించే మాట్లాడుకుంటాం. ఈ పోస్టు మాత్రం ఒక వాద్యం గురించి. ఇద్దరు తమ్ముళ్లు, ఒక చెల్లె విడివిడిగా ఫోన్ చేసి ఒకటే మాట అడిగారు. "అక్కా, నువ్వు నిలబెట్టి వాయించే పెద్ద బేస్ కొన్నవు గదా, మొదటిసారి కొనేటోళ్లు ఏం చూడాలె?" ముగ్గురికీ మూడుసార్లు చెప్పే బదులు ఒక్కసారి రాస్తే అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను. కొంచెం పొడుగుంటది, ఓపిక పట్టండి.

తెలియనివాళ్ల కోసం ముందు రెండు మాటలు. డబుల్ బేస్‌నే అప్‌రైట్ బేస్ అని కూడా అంటారు. చూడ్డానికి పెద్ద వయొలిన్ లాగా మనిషి ఎత్తు ఉంటుంది, పక్కన నిలబడి వాయిస్తారు. నాలుగు తీగలు, లావు నుంచి సన్నానికి ఈ, ఏ, డీ, జీ. బేస్ గిటార్‌కు కూడా ఇవే శ్రుతులు. అన్నిటికన్నా లావు తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. ఆ శబ్దం చెవి కన్నా ముందు ఛాతీకి తగులుతుంది. ఊళ్ళో తుడుం మోగినప్పుడు ఎట్లుంటదో తెలిసినవాళ్లకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

మాది ఉట్నూరు వైపు ఊరు. హైదరాబాద్‌లో పీజీ చేస్తూ స్టూడెంట్ బ్యాండ్‌లో రెండేళ్లు బేస్ గిటార్ వాయించాను. శనివారాలు మాకు నేర్పడానికి వచ్చే సారు ఒకరోజు తన డబుల్ బేస్ తెచ్చారు. ఒక్క తీగ మీటనిచ్చారు. ఇక నాకు గిటార్ మీద మనసు నిలవలేదు. ఫెలోషిప్ పైసల్లో మిగిలించుకుంటూ 1,20,000 జమ చేశాను. ఇంట్లో చెప్పకుండా అంత ఖర్చు పెట్టే అలవాటు మాకు లేదు కాబట్టి బాపుకు ఫోన్ చేశాను.

బాపు చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "ఎడ్ల జత వస్తది గదా బిడ్డా ఆ పైసలకు. గది అన్నం పెడతదా?"

అన్నం పెడతదని ఖాయంగా చెప్పలేను. ఒక్క మాట మాత్రం ఇచ్చాను. "రెండేండ్లు చూస్తా బాపు. అక్కరకు రాకుంటే అమ్మి పైసలు తెస్తా. అమ్మితే మళ్ళ ధర వచ్చేదే కొంటా." ఈ మాట వల్ల నాకు ఒక హద్దు దొరికింది. కొన్న మర్నాడే సగం ధరకు పడిపోయే వస్తువు నేను కొనకూడదు.

బాపు ఇంకో మాట అన్నాడు. "ఎద్దును ఎట్ల కొంటమో అట్ల కొను." అంగడికి పోతే బాపు ముందుగా ఎద్దు రంగు చూడడు. పండ్లు చూస్తడు, గిట్టలు చూస్తడు, నడిపిస్తడు, కాడి మెడ మీద పెట్టి చూస్తడు. అమ్మేటోడు ఎంత పొగిడినా అవన్నీ అయ్యేదాకా పైసలు తియ్యడు. అమ్మేవాళ్ల వీడియోలు ఎన్నో చూశాను కానీ, బేస్ కొనడానికి నాకు అన్నిటికన్నా పనికొచ్చిన సలహా ఇదే.

ఇప్పుడు అసలు విషయం. బేస్ గిటార్ మెడ మీద ఫ్రెట్లు ఉంటాయి, వేలు కొంచెం అటూ ఇటూ పడినా స్వరం సరిగ్గానే వస్తుంది. డబుల్ బేస్‌కు ఫ్రెట్లు లేవు. పైగా గిటార్ తీగ పలికే పొడవు సుమారు 86 సెంటీమీటర్లయితే, దీనిది సుమారు 105. కొత్తవాళ్లు వాయిస్తే స్వరం జారుతుంది, తీగ జరజరలాడుతుంది, పది నిమిషాలకే వేళ్లు మండుతాయి. ఇందులో ఎంత మన చేతి వల్ల, ఎంత చెక్క వల్ల? కొత్తవాళ్లకు తెలియదు. పక్కన రోజూ సారు ఉండడు. అప్పుడు మనలాంటి పిల్లలు ఏమనుకుంటారు? "నాకే రాదు" అనుకుంటారు.

ఈ అలవాటు మనకు చిన్నప్పటి నుంచే ఉంది. నేను ఆశ్రమ పాఠశాలలో చేరినప్పుడు ఇంట్లో గోండి, బడిలో తెలుగు. లెక్కలో ఏం అడిగారో అర్థం కాకపోతే నాకు లెక్కలు రావనే అనుకున్నాను. అడిగిన భాష నాది కాదని తట్టడానికి చాలా ఏండ్లు పట్టింది. మనలో ఎంతమంది అట్లనే చదువు వదిలేసి ఇంటికి పోయారో మీకు తెలుసు. అందుకే బేస్ దగ్గర ఒకటి గట్టిగా అనుకున్నాను. నా మొదటి వాద్యం గొప్పగా పలకకపోయినా సరే, నాతో అబద్ధం ఆడకూడదు. వేలు సరిగ్గా పడితే సరిగ్గా పలకాలి, తప్పుగా పడితే తప్పుగా పలకాలి. మొదటి బేస్ నుంచి కోరుకోవాల్సింది అంతే.

నేను చూసినవి మూడు.

మొదటిది కొత్తది, నిగనిగలాడేది. ఒక విద్యార్థి ఆన్‌లైన్‌లో 60,000కు తెప్పించుకున్నాడు, అట్లాంటిదే తీసుకొమ్మన్నాడు. స్టీల్ స్కేలుతో కొలిచాను. ఫింగర్‌బోర్డు చివర జీ తీగ చెక్కకు 14 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంది. కొత్తవాళ్లకు అక్కడ జీ తీగ 5, 6 మిల్లీమీటర్లు, ఈ తీగ 8, 9 మిల్లీమీటర్లు ఉంటే హాయి. 14 అంటే ప్రతి స్వరానికీ తీగను బలంగా అదమాలి, ఆ అదుములోనే శ్రుతి మారిపోతుంది. ఫింగర్‌బోర్డు ఎబొనీ కాదు, మెత్తటి చెక్కకు నల్లరంగు వేసింది. తీగ రాపిడికి గాడి పడుతుంది. దాన్ని బాగుచేయించాలంటే పెట్టిన ధరలో సగం మళ్ళీ పెట్టాలి.

రెండోది వందేళ్ల నాటి జర్మన్ వాద్యమని, 2,50,000 అని చెప్పారు. స్ప్రూస్ చెక్కతో చెక్కిన పై పలక, మేపుల్ వెనక పలక. శబ్దం విని కళ్ళు చెమ్మగిల్లినయి. నా దగ్గర అంత లేదు, ఉన్నా కొనేదాన్ని కాదు. లోపల కాగితం మీద ఏ పేరైనా అచ్చు వేసి అతికించొచ్చు, అది రుజువు కాదు. టార్చ్ వేసి చూస్తే పై పలకకు బ్రిడ్జి కింద, సౌండ్ పోస్ట్ ఉన్నచోట పగులు కనిపించింది. సౌండ్ పోస్ట్ అంటే బేస్ కడుపులో పై పలకకూ వెనక పలకకూ మధ్య నిలబెట్టిన గుండ్రటి కర్ర. తీగల బరువంతా వచ్చి పడేది అక్కడే. అక్కడి పగులు, మెడ కాలర్ దగ్గరి పగులు పెద్ద జబ్బులు. అంచులో జిగురు విడవడం మాత్రం చిన్న జబ్బు. చెక్క పగలకుండా ముందు జిగురే విడిపోవాలని అట్లా అతికిస్తారు, మళ్ళీ అతికిస్తే సరిపోతుంది.

మూడోది చెన్నైలో దొరికింది. సినిమా రికార్డింగుల్లో ఏండ్ల తరబడి వాయించిన ఒక పెద్దాయనది. కీబోర్డులు వచ్చి తీగవాద్యాలకు పని తగ్గాక దాన్ని మూలన పెట్టకుండా పిల్లలకు నేర్పుతూ వచ్చారు. ప్లైవుడ్ బేస్, వార్నిష్ అక్కడక్కడా రాలింది, పక్కన రెండు దెబ్బలు. ధర 90,000.

ప్లైవుడ్ అనగానే ముఖం చిట్లించకండి. చెక్కిన బేస్ గొంతు లోతుగా ఉంటుంది నిజమే, కానీ వానకాలం తేమకు ఉబ్బి, ఎండాకాలం ఎండి, పగిలే భయం దానికే ఎక్కువ. ప్లైవుడ్‌లో పొరలు అడ్డంగా, నిలువుగా అతికించి ఉంటాయి కాబట్టి అంత తొందరగా పగలదు. హాస్టల్ గది, బస్టాండు, ఆదిలాబాద్ ఎండ ఇవన్నీ తట్టుకోవాల్సింది ప్లైవుడ్డే.

సారు రాసిచ్చిన చీటీ, స్కేలు, టార్చ్, ట్యూనర్ పట్టుకుని పోయాను. ఈ వరసలో చూశాను, మీరూ చూడండి.

ఒకటి, ఫింగర్‌బోర్డును చివరి నుంచి ఒక కన్ను మూసి చూడాలి. పొడవునా చాలా కొద్దిగా లోపలికి వంగి ఉండాలి. గుట్టలు, గుంటలు ఉండొద్దు.

రెండు, అంచు చుట్టూ వేలి కణుపుతో తట్టుకుంటూ పోవాలి. ఎక్కడైనా చప్పుడు మారి గలగలమంటే అక్కడ జిగురు విడిచింది.

మూడు, బ్రిడ్జి పాదాలు పై పలకకు పూర్తిగా ఆనాలి, కింద కాగితం దూరొద్దు. బ్రిడ్జికి ఎత్తు మార్చే మరలు ఉంటే మేలు, కాలం మారినప్పుడల్లా తీగల ఎత్తు మనమే సరిచేసుకోవచ్చు.

నాలుగు, బొటనవేలు మెడ వెనక మడమకు ఆనినప్పుడు జీ తీగ మీద చూపుడు వేలు కింద ఏ స్వరం వస్తుందో చూడాలి. మామూలుగా డీ వస్తుంది, కొన్నిటికి ఈ ఫ్లాట్. రెండూ మంచివే. రెండూ కానిదైతే మాత్రం చెయ్యి ఒకచోట నేర్చుకుని ఇంకోచోట తికమక పడుతుంది.

ఐదు, చెవులు తిప్పి, శ్రుతి చేసి, అరగంట వాయించి, మళ్ళీ ట్యూనర్ పెట్టాలి. శ్రుతి నిలబడాలి.

ఆరు, అన్నిటికన్నా ముఖ్యం, వచ్చినవాళ్లతో వాయించి చూపించమని అడగాలి. ఆ పెద్దాయనే వాయించారు. చెక్కలో ఏ మూలా జరజర లేదు.

సైజు గురించి చెల్లె ప్రత్యేకంగా అడిగింది. నేను అయిదడుగుల ఒక అంగుళం. "అక్కా, 3/4 అంటే పిల్లలదా?" కాదు చెల్లె. డబుల్ బేస్‌లో పెద్దవాళ్లు మామూలుగా వాయించేదే 3/4. ఫుల్ సైజు అరుదు. అడుగున ఎండ్‌పిన్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది, దాన్ని లోపలికీ బయటికీ జరిపి ఎత్తు సరిచేసుకోవాలి. ఫింగర్‌బోర్డు పై చివర కనుబొమ్మ దగ్గరికి వస్తే మొదలుపెట్టడానికి బాగుంటుంది. ఎత్తు తక్కువని ఎవరైనా నవ్వితే నవ్వనీయండి.

డబ్బులన్నీ వాద్యం మీదే పెట్టకండి. నేను అక్కడే ఒక మిస్త్రీతో ఫింగర్‌బోర్డు చదును చేయించి, బ్రిడ్జి సరిచేయించి, సౌండ్ పోస్ట్ జరిపించాను. దానికి 9,000 అయింది. కొత్త స్టీల్ తీగల సెట్టు 13,000. తీగలకే అంత అవుతుందని ముందే తెలిసి ఉండటం మంచిది. కమాను మాత్రం చవకది తీసుకున్నాను. కమాను పట్టులో ఫ్రెంచ్, జర్మన్ అని రెండు రకాలున్నాయి. మీకు నేర్పేవాళ్లు ఏది పడితే అదే తీసుకోండి. రోజిన్ వయొలిన్‌ది కాకుండా బేస్‌ది అడగండి, మెత్తగా ఉంటుంది.

తేవడం కూడా కొనడంలో భాగమే. బరువు పది కిలోల పైచిలుకే అయినా ఆటోలో పట్టదు. హైదరాబాద్ తిరిగొస్తున్న ఒక బ్యాండ్ వాళ్ల వ్యాన్‌లో వచ్చింది. ప్రయాణంలో తీగలు కొంచెం వదులు చెయ్యొచ్చు కానీ నాలుగూ పూర్తిగా విప్పొద్దు. సౌండ్ పోస్ట్‌ను నిలబెట్టేది జిగురు కాదు, తీగల బిగువే. బిగువు పోతే కర్ర పడిపోతుంది.

"ఇది మన వాద్యమా?" అని కూడా ఒక తమ్ముడు అడిగాడు. వాడికి ఆస్కార్ పెటిఫోర్డ్ గురించి చెప్పాను. 1922లో అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రం ఓక్మల్గీలో పుట్టాడు. తల్లి చోక్టా తెగ. తండ్రిది చెరోకీ, ఆఫ్రికన్ రక్తం. చోక్టాలను 1830ల్లో సొంత నేల నుంచి వెళ్లగొట్టి తెచ్చిపడేసింది ఆ ప్రాంతంలోనే. ఇంటివాళ్లే కలిసి నడిపిన బ్యాండ్‌లో పెరిగిన ఆ పిల్లవాడు డ్యూక్ ఎలింగ్టన్ ఆర్కెస్ట్రాలో బేస్ వాయించాడు. వెనక తాళం కట్టే వాద్యాన్ని ముందుకు తెచ్చి రాగం పలికించిన తొలివాళ్లలో ఒకడయ్యాడు. 1949లో చెయ్యి విరిగితే ఊరుకోలేదు, చెల్లోకు బేస్ శ్రుతులు పెట్టి వాయించాడు. 1960లో చనిపోయేనాటికి నలభై కూడా నిండలేదు. జాజ్ డబుల్ బేస్ చరిత్ర రాస్తే ఒక ఆదివాసీ తల్లి బిడ్డ పేరు లేకుండా రాయలేరు.

బేస్ వచ్చి ఏడు నెలలయింది. వేళ్లతో మీటడం కొంత కుదిరింది, కమాను మాత్రం ఇంకా గీరుకుంటోంది. పోయిన శనివారం సారు నా బేస్, నా కమానే తీసుకుని అదే పాఠం వాయించారు. శుభ్రంగా పలికింది. అంటే ఆ గీర నా చేతిది. ఆ మాట తెలిసి నాకు బాధ కాలేదు, ధైర్యం వచ్చింది. చేతిదైతే సాధనతో పోతుంది, దేనిదో తెలియకపోతేనే మనిషి వదిలేస్తాడు.

బాపుకు ఈ మాట చెప్తే, "ఎన్ని తీగలు దానికి?" అని అడిగాడు. నాలుగన్నాను. "మన ప్రధాన్ కాక కిక్రికి మూడే. ఒకటి ఎక్కువనే ఉన్నది, పండుగకు తే, కాక ముందల పెట్టు" అన్నాడు. అన్నం సంగతి మళ్ళీ ఎత్తలేదు.

కొనాలనుకునేవాళ్లు తొందరపడకండి. హైదరాబాద్ వచ్చినప్పుడు చెప్పండి, ముందు నాదాని మీద చెయ్యి పెట్టి చూడండి. స్కేలు, టార్చ్ నా దగ్గర ఉన్నాయి, చూడ్డానికి నేనూ వెంట వస్తా.

జై ఆదివాసీ.