మంచుదారిలో సూసన్ బుచర్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో వైశాల్యమున అన్నిటికంటె పెద్దది అలాస్కా. అన్నిటికంటె ఉత్తరముననున్నదియు అదియే. అచ్చట పట్టణములు తక్కువ. రహదారులు అంతకంటె తక్కువ. శీతకాలమున నదులు గడ్డకట్టి అవియే బాటలగును. ఆ బాటలమీద కుక్కలు లాగు మంచుబండ్లు పూర్వము టపాను, సరకులను ఊరూర చేర్చుచుండెడివి. 1925వ సంవత్సరమున నోమ్ అను ఊర డిఫ్తీరియా వ్యాపించినపుడు, 20 మంది బండివారు ఒకరినుండి యొకరు అందుకొనుచు, 674 మైళ్ల దూరము అయిదున్నర దినములలో మందును చేర్చి ఆ ఊరిని ఆదుకొనిరి. విమానములును, మంచుమీద పరుగెత్తు మోటారుబండ్లును వచ్చిన పిమ్మట కుక్కబండ్లు మూలపడసాగెను. ఆ విద్య అంతరింపకుండ నిలుపవలెనని జో రెడింగ్టన్ అను నాతడును, ఆయన మిత్రులును పూనుకొని, 1973లో ఆంకరేజి నగరమునుండి నోమ్ వరకు ఒక పందెమును నడపిరి. నాటినుండి ఏటేట మార్చి నెలలో జరుగుచున్న ఆ పందెమునకు ఇడిటరాడ్ అని పేరు. దూరము సుమారు 1,000 మైళ్లు. చెన్నపట్టణమునుండి కలకత్తాకు రైలుదారి ఎంతో, ఇంచుమించు అంత.

హోసూరులో చెరువుగట్టుమీద ప్రతి దినము ఉదయమున నడచువారము మేము నలుగురము. మా పెద్దలు ఎన్ని తరముల క్రిందట ఈ ప్రాంతమునకు వచ్చిరో మాలో ఎవరికిని లెక్క తెలియదు. మాలో ఒకరు వ్యాయామోపాధ్యాయులుగ చాల కాలము పనిచేసినవారు. క్రీడాకారుల జీవితములు చదువుట ఆయనకు వ్యసనము. ఆయన మూలముననే మాకు సూసన్ బుచర్ కథ తెలిసినది. ఆ కథలోని ఒక్క రాత్రి మా నలుగురిలో వాదము పుట్టించి, అనేక దినములు మమ్ము వదలలేదు. ఆ వాదమును పాఠకుల ముందుంచుటయే మా ఉద్దేశము.

సూసన్ 1954లో మసాచుసెట్స్ రాష్ట్రమున పుట్టినది. బాల్యమునుండియు ఆమెకు నగరవాసము గిట్టలేదు; జంతువులన్న ప్రాణము. వయసు వచ్చిన పిమ్మట అలాస్కా చేరి, రాంగెల్ పర్వతములలో, విద్యుత్తు గాని కొళాయినీరు గాని లేని కొయ్యయింటిలో కుక్కలతో కాపురముండెను. 1978లో తొలిసారి ఇడిటరాడ్‌లో పాల్గొనెను. మరుసటి యేట రెడింగ్టన్‌తో కూడి, 20,310 అడుగుల ఎత్తుగల డెనాలి శిఖరమునకు కుక్కబండిని ఎక్కించెను. ఉత్తర అమెరికాలో దానిని మించిన శిఖరము లేదు.

పరుగెత్తునవి కుక్కలు గదా, బండిమీద నిలిచియుండువారికి శ్రమ యేమని పాఠకులకు తోచవచ్చును. మాలో ఒకరికి అట్లే తోచినది. ఎగుడుదారిలో బండివారు దిగి, బండి వెంట పరుగెత్తుచు దానిని త్రోయవలెను. పల్లమున బండి దొర్లకుండ కాచుకొనవలెను. మజిలీ చేరిన తోడనే మంచు కరగించి నీరు కాచి, కుక్కలకు తిండి పెట్టి, ఒక్కొక్క పాదమును పరీక్షించి, గుడ్డజోళ్లు సరిచూచిన తరువాతనే తమ ఆకలి, తమ నిద్ర. కుక్కలను ఇట్లు పరుగెత్తించుటయే తగదని వాదించువారును కలరు. అందుచేతనే పందెములో తప్పనిసరి విశ్రాంతులను, మజిలీలలో పశువైద్యులను నిబంధనలు ఏర్పరచినవి.

కుక్కల తెలివిని నమ్ముట సూసన్ అనుభవము మీద నేర్చినది. ఒకమారు గడ్డకట్టిన నదిమీద పోవుచుండగా, టెక్లా అను ముందుకుక్క ఎంత చెప్పినను వినక దారి విడిచి పక్కకు లాగసాగెనట. ఆమె మరల మరల దారికి మళ్లింపజూచి, తుదకు దాని ఇష్టమునకు విడిచెను. బండి పక్కకు తొలగినంతనే ఆ దారి కాస్త నీటిలో కూలిపోయెనట.

ఇక మా వాదమునకు మూలమైన రాత్రి. 1985 పందెమున గెలుపు ఆమెదే కావచ్చునని పలువురు తలచుచుండిరి. చీకటివేళ ఇరుకైన దారిలో ముందువరుసన పోవుచుండగా ఎదుట ఒక మూస్ నిలిచియుండెను. దుప్పుల జాతిలో మూస్ అన్నిటికంటె పెద్దది. అలాస్కాలో గుర్రమంత ఎత్తు పెరిగి, అయిదారువందల కిలోల బరువు తూగును. ఇది ఆడుది, చూలుతో నున్నది. తొలగిపోవుటకు మారుగ అది కుక్కల నడుమకు దుమికి గిట్టలతో త్రొక్కసాగెను. కుక్కలు పగ్గములకు కట్టుబడియున్నవి గనుక పారిపోవు వీలు లేకపోయెను. సూసన్ వద్ద తుపాకి లేదు. చేత గొడ్డలి పట్టుకొని, పైకోటు విప్పి దాని ముఖము ముందు విసరుచు, ఆ మృగమును అదలించుచు నిలిచెను. కొంతసేపటికి వెనుకనుండి వచ్చిన డ్యూయీ హాల్వర్సన్ అను మరియొక పందెగాడు దానిని కాల్చి చంపెను. ఆ దాడికి రెండు కుక్కలు ప్రాణములు కోల్పోయినవి; పదమూడు గాయపడినవి. సూసన్ గాయపడినవానిని వైద్యమునకు చేర్చి, పందెమునుండి విరమించుకొనెను. ఆ యేడు లిబ్బీ రిడిల్స్ మంచుతుపానులోనికి బండి నడిపి, ఇడిటరాడ్ గెలిచిన తొలి మహిళయను కీర్తి పొందెను.

ఏండ్ల తరబడి సాధన చేసి, ఆ కీర్తికి చేరువైన వేళ ఒక అడవిమృగము ఆమె నోటికాడి కూడు తన్నివేసినదని మాలో ఒకరు వాపోయిరి. మృగమును నింద చేయుట న్యాయము కాదని మరియొకరు. లోతైన మంచులో మూస్ నడుచుటకు ఎంతో బలము వ్యయము చేయవలెను. శీతకాలమున దానికి దొరకు మేత విల్లో, బిర్చి చెట్ల ఎండురెమ్మలు. ఆ కొద్దిపాటి ఆహారముతో, ఒంట దాచుకొన్న కొవ్వుతో, వసంతము వరకు ప్రాణము నిలుపుకొనవలెను. మనుష్యులు త్రొక్కి గట్టిపరచిన దారి దొరకినచో దానికి పోయిన ప్రాణము వచ్చినట్లుండును. ఆ దారి విడిచి తిరిగి మంచులో దిగుటకు అది ఎట్లు ఒప్పుకొనును? పైగా కుక్కలమంద దాని కంటికి తోడేళ్లమందయే. ఎలుగుబంటి ఎదురైనపుడు పరుగెత్తరాదనియు, మూస్ చెవులు వెనుకకు వాల్చి మెడవెండ్రుకలు నిక్కించినచో వెంటనే చెట్టుచాటునకు పరుగెత్తవలెననియు అచ్చటి వారు చెప్పుదురు. ఒక్కొక్క మృగమునకు ఒక్కొక్క మర్యాద.

వ్యాయామోపాధ్యాయులవారు ఇరువురి మాటయు విని, వేరొక మాట చెప్పిరి: “ముందుగ పోవుట ఒక విద్య. మనలను లాగుకొనిపోవువారికి కష్టము వచ్చినపుడు ఆగుట మరియొక విద్య. రెండవది రానివానికి మొదటిది ఎంత వచ్చినను నేను పతకము ఇయ్యను.” ఆ మాటకు మేమెవ్వరమును బదులు చెప్పలేదు.

సూసన్ అచ్చటనే నిలిచిపోలేదు. మరుసటి సంవత్సరము, అనగా 1986లో, గ్రానైట్ అను ముందుకుక్కతో, పదునొకండు దినముల పదునైదు గంటలలో నోమ్ చేరి గెలిచెను. ఒకప్పుడు ఆ కుక్క ముందు నడచుటకు పనికివచ్చునని నమ్మినవారు తక్కువ. పిమ్మట 1987లోను, 1988లోను, 1990లోను ఆమెయే గెలిచెను.

ఆ పందెపు నిబంధనలలో ఒకటి మాకు మిక్కిలి నచ్చినది. ప్రాణరక్షణకై మూస్ వంటి మృగమును చంపవలసివచ్చినచో, చంపినవారు ఆగి, దాని పొట్ట చీల్చి పేగులు తీసి, మాంసము చెడకుండ చేసి, తరువాతి మజిలీలో అధికారులకు తెలుపవలెను. వెనుక వచ్చినవారును వీలైనంత సాయము చేయవలెను. పని ముగియక మునుపు ఎవరును దాటిపోరాదు. 2024లో డల్లాస్ సీవీ అను పందెగానికి అట్టి అవసరము కలిగినది. ఆ పని సరిగ చేయలేదని అధికారులు ఆయనకు రెండు గంటల కాలము శిక్షగ విధించిరి. ఆ శిక్షను అనుభవించియు ఆయన గెలిచి, ఆరవ విజయముతో అందరిని మించెను. మాంసము వ్యర్థము చేయరాదన్న ధర్మమునుండి అంతటి విజేతకును మినహాయింపు దొరకలేదు.

ఇది మాకు దూరపు మాటగ తోచకపోవుటకు కారణము కలదు. రాగిపంట చేతికి వచ్చు కాలమున బన్నేరుఘట్ట అడవులనుండి ఏనుగులు మా హోసూరు పరిసరములకు వచ్చును. అవి నడచునది తమ తాతలనాటి దారి; ఆ దారిలో నేడు పొలములును, ఇండ్లును, రహదారులును వెలసినవి. చేను పోగొట్టుకొన్న రైతు దుఃఖము చిన్నది కాదు. అయినను తెల్లవారి ఏనుగు అడుగుజాడ చూచి చేతులు జోడించు ముసలివారిని మేమెరుగుదుము. దారి తమదొక్కరిదే కాదని అలాస్కా బండివారికి తెలిసినట్లే వీరికిని తెలియును.

సూసన్ బుచర్ 2006లో, 51 ఏండ్ల ప్రాయమున, రక్తకాన్సరుతో కన్నుమూసెను. మార్చి నెల మొదటి శనివారము అలాస్కాలో ఆమె పేరిట స్మారకదినమైనది. నోమ్ చేరిన నాలుగు విజయములకును ఆమెను జనులు తలచుకొనుట ఉచితమే. ఇంటింట ఇప్పుడు పిల్లలు ఆటలలోను, పరుగులలోను పోటీపడుచున్నారు. వారికి గెలిచినవారి కథలు చెప్పువారికి కొదువ లేదు. గెలువగలిగియు గాయపడిన కుక్కలకై ఆగిన ఆ రాత్రి కథను గూడ ఎవరైన చెప్పవలెనని మేము ఈ నాలుగు మాటలు వ్రాసితిమి.