నాలుగు బొమ్మల చక్రం, నెల రోజుల పురుగు

హిందూపురం చుట్టుపక్కల పల్లెల్లో కిటికీలకు వల బిగించి, గుమ్మంలో సున్నం చల్లిన పొడవాటి షెడ్డు కనిపిస్తే అది పట్టుపురుగులదే అనుకోవచ్చు. ఊళ్లో పట్టుగూళ్ల మార్కెట్టు, పక్కనే కిరికెరలో పట్టు పరిశోధన సంస్థ ఉన్న ప్రాంతమిది. మూడు, నాలుగు తరగతుల పిల్లలకు జీవిత చక్రం అని మనం చెప్పే పాఠానికీ, పురుగు నిజంగా బతికే బతుక్కీ పొంతన ఎంతో చూద్దామని అలాంటి ఒక షెడ్డులోకి వెళ్లాను. బడి గోడకు వేలాడే చార్టులో నాలుగు బొమ్మలుంటాయి: గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, రెక్కల పురుగు. మధ్యలో నాలుగు బాణాలు. ఒక్క పీరియడ్‌లో పాఠం ముగుస్తుంది. ఆ బొమ్మ గీసినవారి తప్పేమీ లేదు. కానీ అందులో కాలం కనిపించదు, చావు కనిపించదు. ఈ రెండూ తెలియకుండా పిల్లలకు దశల పేర్లు వస్తాయి గాని జీవిత చక్రం అర్థం కాదని షెడ్డు చూశాక నాకు గట్టిగా అనిపించింది.

ముందు కాలం సంగతి. గుడ్డు పొదగడానికి సుమారు పది రోజులు, పురుగు దశ దాదాపు 25 రోజులు, గూటిలో ప్యూపాగా మరో పది పన్నెండు రోజులు. రెక్కలొచ్చాక మిగిలేది కొద్ది రోజులే. చిలుక అని పిలిచే ఆ రెక్కల పురుగు ఏమీ తినదు, ఎగరలేదు. జతకట్టి నాలుగైదు వందల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. చార్టులో సమానంగా కనిపించే బాణాలు నిజానికి ఇంత ఎగుడుదిగుడు. పురుగు దశలో కూడా ఎదుగుదల ఒకే తీరున సాగదు. నాలుగుసార్లు చర్మం వదులుతుంది; రైతులు దీన్ని జ్వరం అంటారు. షెడ్డులో ఒక వరుస తట్టల్లో పురుగులు సరిగ్గా ఆ స్థితిలో ఉన్నాయి. తల, ముందుకాళ్లు పైకెత్తి, ముందున్న ఆకును ముట్టకుండా కదలక మెదలక ఉన్నాయి. పక్క తడి లేకుండా ఆరడానికి వాటి మీద సున్నం పొడి చల్లారు. దాదాపు అన్నీ లేచేదాకా ఆకు వెయ్యరు. ముందే వేస్తే కొన్ని తిని పెరిగిపోతాయి, కొన్ని వెనకబడతాయి. పుట్టినప్పుడు మూడు మిల్లీమీటర్లున్న పురుగు బరువు గూడు కట్టే నాటికి సుమారు పదివేల రెట్లవుతుంది. జీవితకాలంలో తినే ఆకులో 80 శాతానికి పైగా నాలుగో జ్వరం తర్వాతే తింటుంది. రోజూ స్కేలుతో కొలిచి, ఎన్ని ఆకులు వేశామో రాసుకున్న పిల్లవాడు ఈ లెక్కను తనంతట తానే పట్టుకోగలడు. చార్టు చూసి పట్టుకోలేడు.

ఇక చావు. ఈ షెడ్డులో చక్రం అసలు పూర్తికాదు. గుడ్లు ఉత్పత్తి కేంద్రంలో తయారవుతాయి. అక్కడ గుడ్లు పెట్టిన తల్లిచిలుకను నలిపి, పెబ్రిన్ రోగం ఉందేమోనని మైక్రోస్కోపు కింద చూస్తారు. 19వ శతాబ్దంలో లూయీ పాశ్చర్ చూపిన పద్ధతే అది. పిల్ల పురుగులు చాకీ కేంద్రంలో రెండో జ్వరం దాటాక రైతు చేతికొస్తాయి. పండిన పురుగులు చంద్రికలనే అల్లిక తట్టల మీద గూళ్లు కట్టుకుంటే, ఆ గూళ్లు మార్కెట్టుకు, అక్కడినుంచి రీలింగ్ యూనిట్లకు వెళ్తాయి. చిలుక బయటికొస్తే గూటికి రంధ్రం పడి దారం తెగుతుంది కనుక లోపలి ప్యూపాను ముందే వేడితో చంపుతారు. మంచి గూటినుంచి దాదాపు వెయ్యి మీటర్ల పోగు వచ్చేది అలాగే. గూటిదాకా రాకముందే చచ్చేవీ ఉన్నాయి. ఊజీ ఈగ పురుగు ఒంటి మీద గుడ్డు పెడితే దాని పిల్ల పురుగును లోపలినుంచి తింటుంది. కిటికీలకు వలలు అందుకే. ఒక జీవి చక్రం మరో జీవి చక్రంలోకి ఎలా చొరబడుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తట్టదు.

చంపే సంగతి చిన్నపిల్లలకు చెప్పడమేమిటి, మనసు కష్టపడదా అని అడిగేవారుంటారు. ఆ భయం న్యాయమైనదే. కానీ పట్టుచీర ఇంట్లో ఉండగా ఈ నిజాన్ని ఎన్నాళ్లు దాస్తాం? తరగతిలో పెంచిన గూళ్లను చిలుకలు వచ్చేదాకా ఉంచవచ్చు. మార్కెట్టుకు వెళ్లినవాటి సంగతి అడిగినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాలి. అసలు ప్రకృతిలో కూడా వందల గుడ్లలో రెక్కలదాకా చేరేవి కొద్దే. అన్నీ బతికితే మూడు తరాల్లో ఎన్నవుతాయో అయిదో తరగతి పిల్లల చేత గుణకారం చేయిస్తే, ఈ నష్టం లేకపోతే ఏమయ్యేదో వాళ్లకే తెలుస్తుంది.

అన్ని ఊళ్లలో మల్బరీ ఎక్కడ దొరుకుతుంది, పైగా పట్టుపురుగు మనిషి చేతిలో తప్ప బతకలేనిది కదా అన్నది ఇంకా బలమైన అభ్యంతరం. నిజమే, దాన్ని చూసి పురుగులన్నీ ఇంతే అనుకుంటే పొరపాటు. అందుకే నేను పట్టుపురుగు పక్కన కరివేపాకు మొక్కను నిలబెడతాను. దాని మీద సీతాకోకచిలుక పెట్టిన గుడ్డులోంచి వచ్చే పురుగు మొదట పిట్టరెట్టలా ఉంటుంది, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది, చివరికి నడుముకు పోగు చుట్టుకుని కొమ్మకు అతుక్కుంటుంది. గాలాడే జాలీ పెట్టె, రోజూ తాజా రెమ్మ, ఒక నోటుబుక్కు ఉంటే చాలు. సిలబస్‌కు సమయం చాలదనేవారికి నా జవాబు: ఇది రోజుకు అయిదు నిమిషాల పని, అందులో కొలతలు, పట్టికలు, వాక్యరచన కూడా అయిపోతాయి. కొన్ని పురుగులు చచ్చిపోతాయి. ఏ రోజు, ఏ స్థితిలో అన్నది కూడా నోటుబుక్కులోకి ఎక్కాలి. పరీక్షలో నాలుగు దశల పేర్లు రాయమనే బదులు, నీ పట్టికలో పురుగు ఏయే రోజుల్లో ఆకు ముట్టలేదు, మరునాడు దాని పొడవు ఎంత అని అడగవచ్చు.