చూపుకూ ఒక మర్యాద ఉంది

శ్రీకాకుళం జిల్లా టెక్కలికి సమీపాన తేలినీలాపురం అనే చిన్న పల్లె ఉంది. వర్షాకాలం ముగిసే వేళకు ఆ ఊరి చింతచెట్ల మీద ఏటా గూడబాతులు (పెలికాన్లు), పెయింటెడ్ స్టార్క్ కొంగలు వచ్చి వాలుతాయి. గూళ్ళు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలను సాకి, వేసవి ఆరంభంలో తరలిపోతాయి. పలువురు వీటిని సైబీరియా పక్షులంటారు. వాస్తవానికి ఈ రెండు జాతులూ దక్షిణాసియా, ఆగ్నేయాసియాలలోనే పుట్టి పెరిగేవి. నౌపడ ఉప్పుమడుల చుట్టూ ఉన్న చిత్తడినేలల్లోని చేపలే వాటి ఆహారం. అవి దూరదేశపు అతిథులు కావు, మన పొరుగువారే.

మేము సకుటుంబంగా కెమెరా తీసుకొని అక్కడికి వెళుతుంటాము. ఆ సందర్భాలలో మా ఇంట తరచు రెండు ప్రశ్నలు చర్చకు వస్తాయి. ఫొటో తీయడం ధర్మసమ్మతమేనా అన్నది మొదటిది. ఫొటో తీయించుకునే ప్రాణికి ఏమవుతుందన్నది రెండవది. రెండవ ప్రశ్నను అడిగేవారు అరుదు.

మొదటి ప్రశ్నపై ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉంది. కెమెరా పట్టేది సృష్టిలోని ప్రతిబింబాన్నే గనుక అది బొమ్మ గీయడం వంటిది కాదని కొందరంటారు. ప్రాణుల చిత్రాలను అవసరం మేరకే అనుమతించాలని మరికొందరంటారు. చెట్లు, కొండలు, సముద్రం వంటి ప్రాణం లేని దృశ్యాల విషయంలో మాత్రం హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఒక చిత్రకారునికి ఇచ్చిన సలహా ప్రసిద్ధం. ఉద్దానం కొబ్బరితోటలను, భావనపాడు తీరాన్ని చిత్రించేవారికి అది ఊరటనిస్తుంది. పక్షుల విషయంలో ప్రతి కుటుంబమూ తాము విశ్వసించే ఆలిమ్‌ను సంప్రదించడం మేలు.

రెండవ ప్రశ్నకు సమాధానం సున్నత్‌లోనే లభిస్తుంది. ఒక ప్రయాణంలో కొందరు సహాబాలు ఓ చిన్న పక్షి పిల్లలను తీసుకోగా, తల్లిపక్షి ఆందోళనతో రెక్కలు కొట్టుకుంటూ వచ్చింది. దైవప్రవక్త ముహమ్మద్ (స) దాని బాధను గమనించి, పిల్లలను తిరిగి ఇచ్చివేయమని ఆదేశించారు. ఈ ఉదంతం సుననె అబూదావూద్‌లో ఉంది. ఆ పిల్లలకు గాయమైందని అందులో లేదు. తల్లి కలత చెందడమే అక్కడ ప్రధానం.

తేలినీలాపురంలో ఈ బోధ కళ్ళెదుట కనిపిస్తుంది. ఎండ ముదిరినప్పుడు కొంగ గూటిపై నిలబడి రెక్కలు విప్పి పిల్లలకు నీడపడుతుంది. గూడబాతు పిల్ల తల్లి ముక్కు కింది సంచిలోకి తల దూర్చి ఆహారం అందుకుంటుంది. మనుషులు మరీ దగ్గరకు వస్తే మొదట పక్షి మెడ నిక్కిస్తుంది, తరువాత లేచి నిలబడుతుంది, చివరకు ఎగిరిపోతుంది. అది ఎగిరిన ఆ కొద్ది నిమిషాలలో పిల్లలు ఎండకు మాడుతాయి. గుడ్లను కాకులు ఎత్తుకుపోతాయి. రెక్కలు విప్పిన ఫొటో కావాలని చప్పట్లు కొట్టేవారు, గూళ్ళపైకి డ్రోన్ పంపేవారు ఈ నష్టాన్ని చూడరు. వారు అప్పటికే తిరుగుప్రయాణంలో ఉంటారు.

దేశ చట్టం కూడా ఇదే అంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘వేట’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో అడవి పక్షుల గుడ్లను, గూళ్ళను కలతపెట్టడం కూడా చేరి ఉంది. తుపాకీ లేకపోయినా వేట జరగవచ్చునన్నమాట. ఇహ్రామ్ ధరించిన హాజీకి నేలపై తిరిగే జంతువుల వేట నిషిద్ధమని మనకు తెలుసు. మదీనా హరమ్‌లోనూ చెట్లు నరకడం, వేటాడడం నిషిద్ధాలే. ప్రాణులకు అభయమున్న నేల అనే భావన మనకు కొత్త కాదు.

అందుచేత మా ఇంట కొన్ని నియమాలు ఏర్పరచుకున్నాము. ఫజ్ర్ నమాజు ముగించుకొని బయలుదేరుతాము. సూర్యుడు మన వెనుక ఉండే ఆ వేళ వెలుగు మెత్తగా ఉంటుంది, ఎండ పక్షులనూ బాధించదు. పక్షి మెడ నిక్కిస్తే అక్కడే ఆగి, నాలుగడుగులు వెనక్కి వేస్తాము. ఫ్లాష్ వాడము. దగ్గరి దృశ్యం కోసం లెన్సును పొడిగిస్తాము గాని కాళ్ళను కాదు. ఏటా ఒకే చోటి నుంచి ఒకే చెట్టును చిత్రిస్తాము. అలా తీసిన ఫొటోలను వరుసగా పేర్చితే ఎన్ని గూళ్ళు పెరిగాయో, ఏ కొమ్మ విరిగిందో తెలుస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకు కొబ్బరి, జీడితోటలు కూలిపోగా చూసిన ఉద్దానం ప్రజలకు పెద్ద చెట్టు విలువ వేరే చెప్పనవసరం లేదు.

తేలినీలాపురం వాసులు ఈ పక్షుల రాకను శుభంగా తలచి, ఎవరూ వాటి జోలికి పోకుండా కాపాడుతున్నారు. వారి విశ్వాసం వేరు, మన విశ్వాసం వేరు. పక్షుల రాకలో శకునం చూడకపోయినా, సృష్టికర్త మనకు అప్పగించిన అమానత్‌ను మనం చూస్తాము. ఖుర్ఆన్‌లోని అల్ ముల్క్ సూరా 19వ ఆయత్ తలపై రెక్కలు చాచి, ముడిచి ఎగిరే పక్షుల వైపు మన దృష్టిని మళ్ళిస్తుంది. ఆ చూపును పిల్లలకు అలవాటు చేయడానికి ఖరీదైన కెమెరా అక్కరలేదు.

తన సృష్టిని చూసి తనను గుర్తించే కళ్ళను, చూసినదానికి హాని తలపెట్టని చేతులను అల్లాహ్ మన సంతానానికి ప్రసాదించుగాక! ఆమీన్.