గుణదల కొండ – గన్నవరము వాకిలి

బెజవాడకు తూర్పుగా, ఏలూరు కాలువ దాపున గుణదల కలదు. 1924లో ఆర్లాటి పాదిరిగారు ఇచ్చటి కొండగుహలో మరియమాత ప్రతిమను నిలిపిరి. ఏటేట ఫిబ్రవరి 9, 10, 11 తేదీల తిరునాళ్లకు అన్ని మతములవారును వత్తురు. కొబ్బరికాయలు కొట్టుదురు, తలనీలాలిత్తురు. క్రైస్తవక్షేత్రమున నిదియేమని శంకించు సోదరీమణులు ఒక్కమారు ఆ మెట్లెక్కి చూడవలయును.

తిరునాళ్లు ముగిసిన వెనుక నేనచ్చటికి పోయితిని. గుహ ముందర నొక యువతి క్రొవ్వొత్తి వెలిగించి, చెంత తన పాస్‌పోర్టు నుంచి మ్రొక్కుచుండెను. ఏమి కోరితివమ్మా యని యడిగితిని.

“త్వరగా ముప్పయ్యేళ్ళు నిండాలని మొక్కానండి.”

ఆడువారు వయసు తగ్గించి చెప్పుదురను పరిహాసము జ్ఞప్తికి వచ్చినది గాని, నవ్వు రాలేదు.

ఆమె పదవ తరగతి తప్పినది. అట్టివారి పాస్‌పోర్టుపై వలస తనిఖీ యవసరమను ముద్ర పడును. వారు గల్ఫు మొదలైన 18 దేశములకు కూలిపనికి పోవలెనన్న 1983 నాటి వలసల చట్టము క్రింద ప్రభుత్వానుమతి కావలయును. స్త్రీకి ముప్పదియేండ్లు నిండనిచో ఆ యనుమతి లేదు. టిక్కెట్టు చేతనున్నను విమానాశ్రయమున మరలింతురు. పురుషునకీ వయఃపరిమితి లేదు.

గోదావరి మండలములనుండి, కడపనుండి యింటిపనులకు పోయి కడగండ్ల పాలైన స్త్రీల గాథలు మనమెరుగనివి కావు. వారి రక్షణకే యీ నియమము పుట్టినది. అయినను దొంగ ఏజెంటు దీనికి వెరవడు. చుట్టపుచూపు వీసాపై పంపివేయును. అట్లు పోయినదాని పేరు ఏ కార్యాలయపు పుస్తకమునను ఉండదు. తమ్ముని చదువునకై తానే పోదునను పడుచును మాత్రమే యీ నియమము ఆపుచున్నది.

విదేశయానము సర్కారు దయచేయు వరము కాదు, వ్యక్తిస్వాతంత్ర్యములోని భాగమని 1967 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ తీర్పు వ్రాసిన ప్రధానన్యాయమూర్తి రాజమహేంద్రవరమున జన్మించిన మన కోకా సుబ్బారావుగారే. ఐదుగురిలో మువ్వురొక వైపు, ఇద్దరొక వైపు! పాస్‌పోర్టుల చట్టము ఆ యేటనే వచ్చినది. చట్టమున్నంతనే చాలదు, దాని పద్ధతియు న్యాయముగా నుండవలెనని 1978లో మేనకాగాంధీ వ్యాజ్యెమున మరల తీర్పయినది.

ఆ సాయంకాలమే నాకు గన్నవరమునుండి హైదరాబాదు పయనము. విమానాశ్రయము చూచెదనని ఆమెయు ఆటోలో నా వెంట వచ్చినది. టిక్కెట్టు లేనందున రక్షకభటుడు వాకిటనే నిలిపెను. లోపల తెరచాటున నొక స్త్రీ నన్ను తడవి చూచినది. నా చేతిసంచిలోని కుట్టుకత్తెర తీసివేసిరి. అందుకు నాకు కోపము రాలేదు, అందరి సంచులకును ఒకటే కట్టుబాటు.

వెనుదిరిగి చూచితిని. అద్దమున కావల నిలిచి, ఆమె చేయి యూపుచుండెను. ఆమెకిప్పుడు ఇరువదియెనిమిది.