దిజ్లా వెంట మడుగులు, రేవులు

కొత్త ఊళ్లో ఏరు దాటాల్సి వస్తే మన పెద్దవాళ్లు ముందు నీళ్లవైపు చూడరు. ఒడ్డున ఎవరైనా ఉన్నారేమోనని చూస్తారు. వల విసిరేవాడో, గేదెలు కడిగే కుర్రాడో కనిపిస్తే అడుగుతారు. “ఇక్కడ మోకాటి లోతే, ఆ రావిచెట్టు కింద మాత్రం మడుగుంది” అని అతను చెప్పాకే పంచె ఎగ్గడతారు. ఒకే ఏట్లో మడుగూ ఉంటుంది, రేవూ ఉంటుంది.

ప్రమాదకరమైన దేశాల జాబితా ఎవరు రాసినా అందులో ఇరాక్ పేరు ఇరవై ఏళ్లుగా చెరగలేదు. అయినా జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి పనికోసం, హైదరాబాద్ పాతబస్తీ నుంచి దర్గాల జియారత్ కోసం మనవాళ్లు అక్కడికి వెళ్తూనే ఉన్నారు. వెళ్లేవాళ్లను ఆపడం మన చేతుల్లో లేదు. ఎక్కడ కాలు పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో చెప్పుకోవడం మాత్రం మన పనే. అందుకు ఆ దేశానికి ప్రాణాధారమైన టైగ్రిస్ నది వెంట నడిచి చూద్దాం. అరబ్బులు దాన్ని దిజ్లా అంటారు. పొడవు దాదాపు 1,900 కిలోమీటర్లు.

పుట్టుక తుర్కియే తూర్పు కొండల్లో, హజార్ సరస్సు దగ్గర. కొండలు దిగి కాస్త విశాలమయ్యాక ఎదురయ్యే మొదటి పెద్ద ఊరు దియార్‌బకిర్. నల్లరాతి కోటగోడలు, వాటికీ నదికీ మధ్య హెవ్‌సెల్ తోటలు. ఈ రెంటినీ 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. అదే ఏడాది చివర్లో కోటలోపలి సూర్ పేటలో కుర్దు సాయుధులకూ తుర్కియే బలగాలకూ పోరు మొదలైంది. పేటలో నెలల తరబడి కర్ఫ్యూ. అదే వేళ కోట బయటి కొత్త వీధుల్లో టీకొట్లు నడుస్తూనే ఉన్నాయి. “దియార్‌బకిర్ క్షేమమేనా?” అని అడిగితే అప్పుడు సరైన జవాబే లేదు. ఏ పేట, ఏ వారం, ఏ పూట అని అడిగితేనే జవాబు దొరికేది. ప్రయాణికుడు నేర్చుకోవాల్సిన మొదటి సంగతి ఇది: దేశం పేరు పట్టుకుని అడగొద్దు, వీధి పేరు పట్టుకుని అడగాలి.

దిగువన వేల ఏళ్ల హసన్‌కేఫ్ ఊరు 2020లో ఇలిసు ఆనకట్ట నీళ్లలో మునిగిపోయింది. ఆపైన కొంతదూరం తుర్కియే, సిరియాలకు సరిహద్దుగా పారి, ఫైష్ ఖాబూర్ దగ్గర నది ఇరాక్‌లో అడుగుపెడుతుంది. ఇది కుర్దిస్తాన్ ప్రాంతం. నదికి తూర్పున దీని రాజధాని ఎర్బిల్. మన పల్లెల్లో ఆ పేరు చెబితే చాలామంది తల్లులు ఉలిక్కిపడతారు.

అక్కడ వాళ్ల కొడుకులను పట్టుకున్న మడుగు బాంబులది కాదు, కాగితాలది. ఏజెంటు లక్షలు గుంజి విజిట్ వీసా మీద పంపిస్తాడు. దిగాక అకామా, అంటే నివాస అనుమతి, కొట్టిస్తానంటాడు, కొట్టించడు. గడువు దాటిన ప్రతి రోజుకూ జరిమానా పెరుగుతుంది. చెప్పిన పని ఉండదు, ఉన్న పనికి జీతం రాదు. కంపెనీ వదిలి బయటపడితే గల్ఫ్ భాషలో ‘ఖల్లివెల్లి’, అంటే కాగితాల్లేని మనిషి, అయిపోయినట్టే. జబ్బు చేసినా ఆసుపత్రికి పోవడానికి భయం, దెబ్బలు తిన్నా పోలీసుల దగ్గరికి పోవడానికి భయం. పైగా కుర్దిస్తాన్ ఇచ్చిన వీసా బాగ్దాద్ వైపు చెల్లని రోజులు చాలా ఏళ్లు నడిచాయి. తెలియక చెక్‌పోస్టు దాటినవాడు ఏ తప్పూ చేయకపోయినా అక్కడ నేరస్థుడే. ఎర్బిల్‌లో 2016 నుంచి భారత కాన్సులేట్ ఉంది. ఏజెంటు నంబరుతో పాటు ఆ నంబరు కూడా ఫోన్లో వేసుకుని వెళ్లేవాళ్లు ఎందరు?

నది దక్షిణానికి తిరుగుతుంది. అక్కడ మోసుల్ ఆనకట్ట. 1980లలో కట్టిన ఈ ఆనకట్ట పునాది కింద జిప్సం ఉంది, అది నీళ్లలో కరిగిపోయే రాయి. కరిగి బొరియలు పడినచోటల్లా సిమెంటు పాలు ఎక్కించాలి. కట్టిన నాటి నుంచీ ఈ పని సాగుతూనే ఉంది. 2014 ఆగస్టులో ఇస్లామిక్ స్టేట్ సాయుధులు ఆనకట్టను పట్టుకున్నప్పుడు ప్రపంచం భయపడింది వాళ్ల తుపాకులకంటే ఈ పని ఆగిపోతుందనే. కొద్దిరోజుల్లో ఆనకట్ట తిరిగి చేతికొచ్చింది, పని మళ్లీ మొదలైంది. ప్రమాదం పక్కన బతకడమంటే ఇదే. ఒక్కరోజు ధైర్యసాహసాలతో తేలే వ్యవహారం కాదు, రోజూ విసుగు లేకుండా చేయాల్సిన చిన్న పని.

ఆనకట్టకు దిగువన బాదుష్. 2014 జూన్‌లో మోసుల్ నగరం ఇదే సాయుధుల వశమైనప్పుడు, ఆ నగరంలో నిర్మాణ పనుల్లో ఉన్న 40 మంది భారతీయులను ఎత్తుకెళ్లారు. ఒక్కడు తప్పించుకున్నాడు. మిగతా 39 మంది పంజాబ్, బిహార్, హిమాచల్, బెంగాల్ బిడ్డలు. వాళ్ల శవాలు బాదుష్ దగ్గర మట్టిదిబ్బ కింద దొరికాయి. ఆ మాట మన పార్లమెంటులో చెప్పింది 2018 మార్చిలో. దాదాపు నాలుగేళ్లు ఆ ఇళ్లు ఎదురుచూస్తూనే ఉన్నాయి.

మోసుల్‌ను 2017 జులైలో విడిపించారు. పాత నగరమంతా రాళ్లకుప్ప. ఆ కుప్పల కింద పేలని బాంబులు, గుమ్మాలకూ బొమ్మలకూ కట్టిన మందుపాతరలు. ఇలాంటి చోట పాటించాల్సింది ఒక్కటే: జనం నడిచిన బాటలోనే నడవాలి. ఎర్రరంగు పూసిన రాయి కనబడితే అక్కడితో ఆగి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రావాలి. ఫొటో కోసం ఖాళీ ఇంట్లోకి తొంగిచూడకూడదు. పిల్లలు ఆడుకుంటున్న సందు, గొర్రెలు మేస్తున్న గట్టు కొంత నమ్మకం. గడ్డి ఏపుగా పెరిగి ఎవరూ కోయని చేను కనిపిస్తే దానికేదో కారణం ఉంటుంది.

అదే మోసుల్‌లో 2019 మార్చి 21న, నౌరోజ్ పండుగ రోజున, వందకు పైగా ప్రాణాలు పోయాయి. బాంబు పేలలేదు. నది మధ్య లంకలోని వినోద ఉద్యానానికి పోయే పడవలో పట్టాల్సినవాళ్లకంటే ఎన్నో రెట్ల మందిని ఎక్కించారు. ఎగువన గేట్లు ఎత్తారు, నీళ్లు ఉరవడిగా ఉన్నాయని అధికారులు ముందే హెచ్చరించారు. ఎవరూ పట్టించుకోలేదు. ఆరు నెలలు తిరక్కుండా సెప్టెంబరు 15న మన గోదావరిలో, కచ్చులూరు మందం దగ్గర, వరదలో 70 మందికి పైగా ఎక్కిన పర్యాటక బోటు మునిగింది. ఒకటి ప్రపంచం భయపడే దేశం, ఇంకొకటి మనం సెలవులకు పోయే చోటు. మునిగిన తీరు మాత్రం ఒక్కటే. లైఫ్ జాకెట్ అడగడానికి మొహమాటపడేవాడికి ఏ దేశమైనా ప్రమాదకరమే.

ఇంకా కిందికి పోతే అస్సీరియన్ల ప్రాచీన రాజధాని అషూర్ శిథిలాలు. ఇక్కడ మడుగు కాలికింది పెంకు. 2022లో దక్షిణ ఇరాక్‌లోని ఎరిదూలో నేలమీద పడివున్న కుండపెంకులు ఏరుకున్న ఒక బ్రిటిష్ విశ్రాంత భూగర్భ శాస్త్రవేత్తకు అక్కడి కోర్టు 15 ఏళ్ల జైలు వేసింది. పై కోర్టు కొట్టేసేదాకా ఆయన లోపలే ఉన్నాడు. జ్ఞాపకంగా తెచ్చుకునే రాయి కూడా చట్టం కళ్లకు దొంగసొత్తు. పోయే దేశపు చట్టం చదువుకోవడం తాళం వేసుకోవడమంత ముఖ్యం.

ఇంకాస్త దిగువన తిక్రీత్. 2014లో అవే సాయుధ మూకలు వచ్చిపడినప్పుడు అక్కడి ఆసుపత్రిలో 46 మంది భారతీయ నర్సులు చిక్కుకున్నారు. దాదాపు అందరూ కేరళ అమ్మాయిలు. చదువుకు తెచ్చిన అప్పులు తీరకుండా వెనక్కి ఎలా పోవాలన్న బెంగతో ముందే బయల్దేరలేకపోయినవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఆ దిగులు మన పల్లెలకు కొత్తది కాదు. వాళ్లను కాపాడినవాటిలో ఒకటి చేతిలోని ఫోను. రాయబార కార్యాలయంతోనూ కేరళ ప్రభుత్వంతోనూ మాట్లాడుతూనే ఉన్నారు, ఎక్కడున్నారో ఎప్పటికప్పుడు తెలుస్తూనే ఉంది. జులై 5న కొచ్చిలో విమానం దిగారు.

సమర్రా దాకా వస్తే మెలికలు తిరిగిన గోపురంలా మల్వియా మినార్, ఆ ఊళ్లోనే అస్కరీ దర్గా. 2006లో దర్గా గుమ్మటాన్ని పేల్చేసినప్పుడు దేశమంతా షియా, సున్నీ నెత్తురు పారింది. ఇప్పుడు గుమ్మటం మళ్లీ మెరుస్తోంది, యాత్రికుల బస్సులు వస్తున్నాయి. ఈ దారిలో చెక్‌పోస్టులే చెక్‌పోస్టులు. అక్కడి మర్యాద చిన్నదే. దూరం నుంచే వేగం తగ్గించాలి. రాత్రయితే బండి లోపలి లైటు వేయాలి. నల్లకళ్లద్దాలు తీయాలి, చేతులు కనబడేలా ఉంచాలి. ఫోను బయటికి తీయకూడదు, సైనికుడి ఫొటో అసలే వద్దు. అడిగినదానికే జవాబు. హాస్యం వద్దు.

బాగ్దాద్‌లో నది నగరాన్ని రెండుగా చీలుస్తుంది. ఈ గట్టున షియాల కాజిమియా, ఆ గట్టున సున్నీల ఆజమియా, మధ్యన అయిమ్మా వంతెన. 2005 ఆగస్టు 31న వంతెన నిండా కాజిమియాకు పోతున్న షియా యాత్రికులు. ఆ ఉదయమే జనం మీద మోర్టారు గుండ్లు పడ్డాయి, అందరి గుండెలూ గుప్పిట్లో ఉన్నాయి. అంతలో ఎవరో గుంపులో ఆత్మాహుతి బాంబరు ఉన్నాడన్నారు. బాంబరు లేడు. తొక్కిసలాటలో, నదిలో దూకి, దాదాపు వెయ్యిమంది పోయారు. పుకారు చేసిన పని అది. ఆ వేళ ఆజమియా వైపు నుంచి ఒక సున్నీ యువకుడు నీళ్లలో దూకి, మునిగిపోతున్నవాళ్లను ఒక్కొక్కరినీ ఒడ్డుకు చేర్చి, చివరికి ఒళ్లు అలిసి తానే మునిగిపోయాడు. ఈ వంతెన దగ్గర నేర్చుకోవాల్సినవి రెండు. పరాయి దేశంలో గుంపు ఎంత పవిత్రమైనదైనా దాని అంచునే ఉండాలి, బయటికి దారి ఎటో ముందే చూసుకోవాలి. రెండోది, మనల్ని కాపాడేవాడు ఏ గట్టు నుంచి వస్తాడో ముందే తేల్చుకోకూడదు.

అలాగని బాగ్దాద్‌ను పూర్తిగా నమ్మేయడానికీ లేదు. 2023 మార్చిలో ఇక్కడ ఎత్తుకెళ్లిన ఒక విదేశీ పరిశోధకురాలిని సాయుధులు వదిలింది 2025 సెప్టెంబరులో. రోజూ ఒకే వేళకు ఒకే దారిన పోకూడదనీ, ఎక్కడున్నదీ ఫేస్‌బుక్‌లో చాటుకోకూడదనీ అనుభవజ్ఞులు చెప్పేది అందుకే.

దిగువన కూత్. మొదటి ప్రపంచ యుద్ధంలో బాగ్దాద్ పట్టేద్దామని సరఫరాలు చూసుకోకుండా ముందుకుపోయిన బ్రిటిష్ ఇండియా సేన, 1915 నవంబరులో టెసిఫోన్ దగ్గర దెబ్బతిని వెనక్కొచ్చి, ఇక్కడే 147 రోజులు ముట్టడిలో మగ్గింది. 1916 ఏప్రిల్ 29న సుమారు 13,000 మంది లొంగిపోయారు. అత్యధికులు భారతీయులే. తిరగాల్సిన చోట వెనక్కి తిరగకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. టికెట్టు డబ్బులు పోతాయని ప్రయాణం ఆపుకోలేనివాడు కూత్‌ను గుర్తుంచుకోవాలి.

అమారా దాటి, చిత్తడినేలల అంచు తాకి, ఖుర్నా దగ్గర దిజ్లా యూఫ్రటీస్‌ను కలుస్తుంది. రెండూ కలిసిన షత్తుల్ అరబ్ బస్రా మీదుగా సముద్రానికి పోతుంది. బస్రాలో ఎండాకాలం వేడి 50 డిగ్రీలు దాటుతుంది. 2018లో ఉప్పెక్కి, మురికి కలిసిన నీళ్లు తాగి లక్ష మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఇంత నెత్తురు చూసిన నది చివరికొచ్చేసరికి మనిషికి గండం గ్లాసెడు నీళ్లే. అందుకే ఈ దారికి ఓఆర్‌ఎస్ పొట్లాలు, మూత బిగిసిన సీసా నీళ్లు కూడా రక్షణ సామగ్రే.

ఇక బయల్దేరేముందు కాగితాల సంగతి. ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) ముద్ర ఉన్న పాస్‌పోర్టుతో పనికి వెళ్లాలంటే వలస అనుమతి తప్పనిసరి అయిన 18 దేశాల్లో ఇరాక్ ఒకటి. ఆ అనుమతితో వెళ్లేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదంలో చనిపోతే 10 లక్షల రూపాయలు వస్తాయి. విజిట్ వీసా మీద దొడ్డిదారిన పోయినవాడికి అది వర్తించదు. కాబట్టి వెళ్లేవాళ్లు బయల్దేరేముందు నాలుగు పనులు చేయండి. ఏజెంటు రిజిస్ట్రేషన్‌ను ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో సరిచూడండి. విదేశాంగ శాఖ సూచనలను టికెట్టు కొనేముందు ఒకసారి, విమానం ఎక్కేముందు ఒకసారి చదవండి. పాస్‌పోర్టు, వీసా నకళ్లు ఇంట్లో ఇవ్వండి. రోజూ ఏ వేళకు ఫోన్ చేస్తారో, రాకపోతే ఏ రాయబార కార్యాలయం నంబరుకు చెప్పాలో కాగితం మీద రాసి అమ్మ చేతిలో పెట్టండి.