కమాను కట్టలు విప్పిన చలికాలం

మా నాయన ఫోన్లో అడిగిన మొదటి ప్రశ్నకే నా దగ్గర జవాబు లేకపోయింది.

"ఆ బండి ఎన్ని మూటలు మోస్తాదిరా?"

ఆయన డెంకణికోటలో ఇంటి అరుగు మీద. నేను మిషిగన్‌లోని నోవైలో, గ్యారేజీలో, 1971 నాటి జీఎంసీ పికప్ కింద వెల్లకిలా. వీడియో కాల్లో ఆయనకు నా మొహం కనబడటం లేదు, వెనక ఇరుసు కనబడుతోంది. కళ్ళజోడు సర్దుకుని కాసేపు చూసి, "కమాను కట్టలు బాగానే ఉండాయి కదప్పా, ఎందుకు ఊడబెరుకుతా ఉండావు?" అన్నాడు.

ఎందుకంటే మా ఆవిడ ఆ బండి ఎక్కడం మానేసింది. ఇక్కడ చలికాలం పోయేటప్పటికి రోడ్లన్నీ గుంతలు. ఖాళీ పికప్ ఒక్కో గుంతకీ వెనకభాగం ఎగరేసి కుదేస్తుంది. ఒక ఆదివారం మిత్రుల ఇంటికి ఉలవచారు తీసుకెళ్తే, దిగేసరికి గిన్నెలో సగమే మిగిలింది. మిగతా సగం ఆవిడ చీర మీద ఉంది. ఆ రోజే నిశ్చయించుకున్నాను, వెనక కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు) తీసేసి కాయిల్ స్ప్రింగులు వేద్దామని.

ఈ బండికి ఒక తమాషా జాతకం ఉంది. 1967 నుంచి 1972 దాకా షెవర్లే సీ10, జీఎంసీ పికప్‌లు కవలపిల్లల్లాంటివి. తలుపులు, ఛాసీ దాదాపు ఒకటే. కానీ షెవర్లేకి మామూలుగా వెనక కాయిల్ వేసేవాళ్ళు, జీఎంసీకి కమాను కట్టలు. షెవర్లే కొనేవాడు ఇంటి మనిషి, జీఎంసీ కొనేవాడు పనుల మనిషి అన్న లెక్క కాబోలు. అడిగి అదనంగా డబ్బిస్తే అటుది ఇటు వేయించుకోవచ్చు. 1973 నుంచి రెండింటికీ కమాన్లే వచ్చేశాయి. అంటే నేను చేస్తున్నది కొత్త ప్రయోగమేమీ కాదు. తమ్ముడికి అన్న కాళ్ళు పెట్టడం, అంతే. జీఎంసీ బళ్ళ పుట్టిల్లు పాంటియాక్ మా ఇంటికి అరగంట దూరం. తుక్కు అంగట్లో ఒక షెవర్లే శవం దొరికింది. దాని అడుగున ఉన్న చేతులు, అడ్డదూలం, బద్ద అన్నీ విప్పి తెచ్చుకున్నాను.

అంతవరకూ సులువే. అసలు పని మొదలయ్యాకగానీ కమాను కట్ట అంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. నిజానికి అది నాకు ఎనిమిదో తరగతిలోనే అర్థమై ఉండాల్సింది.

అప్పుడు మా నాయనకు ఒక పాత మహీంద్రా జీపు బండి ఉండేది, వెనక తొట్టి కట్టించింది. నాలుగు మూలలా కమాను కట్టలే. రాయకోట మార్కెట్టుకు టమాటా పెట్టెలు, కోతల కాలంలో రాగిమూటలు, మధ్యలో పెళ్ళివాళ్ళను కూడా తోలేవాడు. ఒక రాత్రి అంచెట్టి నుంచి మూటలతో అడవి దారిలో ఘాటు ఎక్కుతుంటే కింద ఫట్‌మంది. దిగి టార్చి వేస్తే, ఎడమవైపు కట్టలో మెయిన్ పట్టీ విరిగి ఉంది. రాగి కంకి పట్టే నెలలు, ఏనుగులు దిగే కాలం. మా నాయన ఒక్క మాట మాట్లాడలేదు. జాకీ ఎత్తి, ఛాసీకీ ఇరుసుకీ మధ్య ఒక కొయ్యముక్క దూర్చి, మోకుతో నాలుగు చుట్లు చుట్టి బిగించాడు. కింది పట్టీలు మిగిలిన బరువును పట్టుకున్నాయి. దేవుడా దేవుడా అంటూ తెల్లవారేలోపు మా ఊరి బేటరాయస్వామి గుడి ముందుకొచ్చాం. మూటల్లో ఒక్కటీ దించలేదు.

ఆ రాత్రి నేను చూసింది ఇదీ. కమాను కట్ట బరువు మోస్తుంది, సరే. ఇరుసును ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టుకునేదీ అదే. పక్కకు పోనివ్వనిదీ అదే. బ్రేకు వేసినప్పుడు, గేరులో లాగినప్పుడు ఇరుసు మెలిక తిరగకుండా ఆపేదీ అదే. పట్టీల మధ్య రాపిడి వల్ల ఊపును కొంత తనే మింగుతుంది కూడా. జీతం ఒకరికిచ్చి నలుగురి పని చేయించుకోవడమంటే అదే. కాయిల్ స్ప్రింగు అలాకాదు. నిలబడి బరువు మోస్తుంది, ఇంకేమీ ఎరగదు. కట్ట తీసి ఊరికే కాయిల్ పెడితే ఇరుసు బండి కింద నుంచి దొర్లుకుంటూ పోతుంది.

కాబట్టి కట్ట చేసే ఒక్కో ఉద్యోగానికీ ఒక్కో మనిషిని పెట్టాలి. ముందువెనకల కోసం రెండు చేతులు. నాలుగడుగులకు అటూ ఇటూగా పొడవుంటాయి, క్యాబిన్ కింది అడ్డదూలం నుంచి వెనక ఇరుసు దాకా. రెండు రేకు కాలువలను వీపుకు వీపు ఆనించి రివెట్లు కొట్టినట్టుంటాయి. ఈ మోటు చేతుల నమూనానే నాస్కార్ రేసుబళ్ళు దశాబ్దాల పాటు వాడుకున్నాయి. పెద్ద పోటీల్లో 2022లో కొత్త కార్లు వచ్చాకగానీ వదల్లేదు. పక్కకు పోకుండా ఆపడానికి ఒక అడ్డబద్ద, ఒక కొస ఛాసీకి, రెండో కొస ఇరుసుకు. ఊపు ఆపడానికి మంచి షాకబ్జార్బర్లు. ఇక్కడ కొందరు అడ్డబద్దను దండగ అనుకుని వదిలేస్తారు. అలాంటి బండి సీటులోనే కాదు, పక్క వరుసలో కూడా నేను ఉండను.

నాకు బాగా పట్టుబడిన పని రివెట్లు. కమాను కొసలు ఆనే బ్రాకెట్లను ఫ్యాక్టరీలో బోల్టులతో బిగించలేదు, రివెట్లు కొట్టారు. గ్రైండరుతో తల కోసి, ఉలి పెట్టి సమ్మెట కొట్టాలి. యాభై ఏళ్ళుగా ఇక్కడి రోడ్ల మీద చల్లే ఉప్పు తాగి అవి ఛాసీలో భాగమైపోయాయి. మొదటి రివెట్టుకు ఒక పూట పట్టింది. చివరి దానికి పావుగంట. ఈ రెంటి మధ్య మా పక్కింటాయన రెండుసార్లు వచ్చి, అంతా క్షేమమేనా అని అడిగి వెళ్ళాడు.

తప్పు చేసింది మాత్రం వెల్డింగులో. ఇరుసు ముక్కు ఏ కోణంలో ఉండాలో బండి బరువు చక్రాల మీద పడ్డాకే చూసుకోవాలి. నేను తొందరపడి, ఇరుసు జాకీల మీద ఉండగానే చేతులు కూర్చునే దిమ్మెలను వెల్డు చేసేశాను. రోడ్డెక్కితే నలభై మైళ్ళ వేగం దాటగానే కింద గంగిరెద్దులవాడు బూర ఊదినట్టు ఒకటే గుర్రు. ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు ఒంకర కోణంలో తిరుగుతున్నాయి. మళ్ళీ దింపి, కోసి, బండిని నేల మీద నిలబెట్టి, కొలిచి, చుక్క వెల్డు పెట్టి, మళ్ళీ కొలిచి అతికించాను. రెండు వారాంతాలు పోయాయి.

మా నాయన ప్రతి శనివారం పర్యవేక్షణకు వచ్చేవాడు. కాయిల్ అనగానే మెత్తన అనుకుంటావేమో అన్నాడొకసారి. ఆయన చదివింది ఐదో తరగతి, కానీ ఆ మాట నిజం. మెత్తదనం ఆకారంలో లేదు. తీగ లావులో, చుట్ల లెక్కలో, చుట్ట వెడల్పులో ఉంది. తీగ పదో వంతు లావెక్కితే బిగువు దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. అన్నీ చూసుకుని, ఖాళీ బండికి సరిపడే స్ప్రింగులే తీసుకున్నాను. పెద్ద కంపెనీలూ ఈ లెక్కకే వచ్చాయి. 2009లో డాడ్జి రామ్ పికప్‌కు వెనక కాయిల్ పెట్టింది. మన దగ్గర 2020లో వచ్చిన కొత్త థార్‌కు వెనక కాయిలే. బరువు మోసే బొలెరో పికప్‌కు మాత్రం ఇప్పటికీ కమానే. అంచెట్టి దారిలో రాగిమూటలు వేసుకుని పోయేవాడికి నేను కూడా కమానే చెబుతాను. విరిగినా ఇల్లు చేరుస్తుంది. నా అడ్డబద్ద విరిగిననాడు మోకుతో కట్టుకుని రాగలనన్న ధైర్యం నాకు లేదు.

ఇక్కడ నా బండి మోసేదేమిటి? వసంతంలో నాలుగు బస్తాల ఎరువు. ఏడాదికోసారి వినాయకుడు. మొన్న చవితికి మట్టి విగ్రహాన్ని తొట్టిలో కూర్చోబెట్టి తెచ్చాం, చెవి కూడా రాలలేదు. మా ఆవిడ ముందు సీట్లో ఉలవచారు గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దిగేటప్పుడు మూత తీసి చూసి, ఏమీ అనలేదు. మా ఇంట్లో అది మెప్పు.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు, విప్పిన కట్టలో అన్నిటికన్నా పొట్టి పట్టీని పెట్టెలో బట్టల మధ్య పెట్టుకుని పోయాను. లారీ పట్టీలతోనే మా వైపు కొడవళ్ళు సాగదీస్తారు. మా నాయన దాన్ని గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, కొలిమికి పంపించాడు. కమ్మరాయన కాల్చి నాలుగు దెబ్బలు వేసి, "ఇనుము మన లారీ పట్టీ మాదిరే ఉందే" అన్నాడు. రెండు కొడవళ్ళు వచ్చాయి.

మిగతా పట్టీలన్నీ నోవైలో మా గ్యారేజీ గోడవారగా ఉన్నాయి. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో ఎవరికైనా పాత జీఎంసీ ఉండి, నిజంగా బరువు మోసే పని ఉంటే వచ్చి తీసుకుపోండి, డబ్బులొద్దు. కుడివైపు కట్టలో ఒక పట్టీ తక్కువ.