గంట ధరలో ఆసుపత్రి ఖర్చు కూడా

మా ఆయన బెంగళూరు ఉద్యోగం వదిలి, రాప్తాడులో ఇంటి నుంచే సొంతంగా ప్రోగ్రామింగ్ పనులు చేస్తున్నారు. జీతంతో పాటు కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్సూ ఆగిపోయింది. ఆయనకేమో షుగర్.

"గంటకు 400 ఇస్తామంటున్నారు, ఒప్పుకోమంటావా?" అన్నారు. ముందు లెక్క రాద్దామన్నాను. ఏడాదికి ఇల్లు గడవడానికి 5,40,000. మా ఇద్దరికీ, బాబుకూ పాలసీ 36,000. ల్యాప్‌టాప్, నెట్, కరెంటు 64,000. పని దొరకని నెలలకు 80,000. మొత్తం 7,20,000. రోజంతా కూర్చున్నా డబ్బొచ్చే గంటలు నెలకు వందే. మిగతావన్నీ ఫోన్లకు, బిల్లులకు, పని వెతుక్కోవడానికే. అంటే గంటకు 600 రావాలి.

మన రైతులు చెనక్కాయలు అమ్మకముందే విత్తనానికి తీసిపెడతారు కదా, ప్రీమియమూ అంతే. షుగర్ లాంటి పాత జబ్బులకు పాలసీ వర్తించాలంటే మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. మధ్యలో కట్టక గడువు దాటితే కథ మళ్లీ మొదటికొస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి పాలసీలపై 18 శాతం జీఎస్టీ తీసేశారు, అదో ఊరట. అత్తమ్మకు 70 దాటాయి కాబట్టి ఆదాయంతో పనిలేకుండా ఇచ్చే ఆయుష్మాన్ కార్డు ఉంది, ఏడాదికి 5 లక్షల దాకా.

ఆయన 600 అడిగితే 550 దగ్గర తెగింది. ఏడాదికి 60,000 తక్కువ. ఆ కోత పండగ ఖర్చుల్లో, ఖాళీ నెలల నిల్వలో పెట్టుకున్నాం. ప్రీమియం మాత్రం ముట్టుకోలేదు.

మీ ఇంట్లోనూ ఇలా పనిచేసేవాళ్లుంటే, ధర చెప్పేముందు పక్కన కూర్చుని ఈ లెక్క ఒక్కసారి రాయించండి.